వయసు దాచిన గొంతు

1989 జూన్‌లో నేను ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి, జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిజీషియన్‌గా చేరాను. ఫిజీషియన్ అంటే కత్తి పట్టని డాక్టరు. జ్వరాలు, గుండె, కిడ్నీలు, షుగరు మావి. మందే మా పనిముట్టు. అంతకుముందు జిల్లా ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు చేశాను. అక్కడ రోగిని వయసు అడిగితే "మీరే చూసి రాసుకోండమ్మా" అనేవారు. నేను పళ్ళు చూసి, చేతుల మీద చర్మం చూసి, పెద్దకొడుక్కి ఎంతమంది పిల్లలో అడిగి ఓ అంకె వేసేదాన్ని. జూబ్లీహిల్స్‌లో ఆ బాధ లేదనుకున్నాను. ఇక్కడ అందరికీ తమ వయసెంతో బాగా తెలుసు. తెలిసే తగ్గించి చెబుతారని తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఫిల్మ్‌నగర్‌లోనూ, శ్రీనగర్ కాలనీలోనూ స్థిరపడుతున్నారు. కొండరాళ్ళు పేల్చి ఇళ్ళు కడుతున్నారు. మధ్యాహ్నం అయిందంటే ఎక్కడో ఒకచోట ఈల వేసేవారు. ఆ ఈల విని కూలీలు దూరం జరిగేవారు, తర్వాత బండ పేలేది. మా వార్డు కిటికీలు గడగడలాడేవి. కొన్నాళ్ళకి మేమంతా ఈల వినగానే చేతిలో పని ఆపి, చప్పుడు అయ్యాక మళ్ళీ మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాం.

సినిమావాళ్ళ వయసుల సంగతి మొదట పిల్లల దగ్గర బయటపడింది. తెర మీద వేసే పిల్లల్ని జ్వరంతో తీసుకొచ్చే తల్లులు, తొమ్మిదేళ్ళ పిల్లని ఆరేళ్ళదని చెప్పేవారు. బయట చెప్పీ చెప్పీ నాలుక అలా తిరిగిపోయింది పాపం. దానివల్ల ప్రమాదం ఏమీ జరగలేదు. ఎందుకంటే పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇస్తాం. పిల్లవాడంటే చిన్న సైజు పెద్దమనిషి కాదన్నది మాకు మొదటి ఏడాదే నేర్పే పాఠం. పసికందు కాలేయం ఇంకా పనికి అలవాటుపడి ఉండదు. నాలుగైదేళ్ళ పిల్లల్లో అదే కాలేయం కొన్ని మందుల్ని మనకంటే వేగంగా ఖర్చు చేసేస్తుంది. అందుకే ముందు పిల్లను త్రాసు మీద నిలబెడతాం. తల్లి ఎంత తగ్గించి చెప్పినా త్రాసు ముల్లు తన మాట తను చెబుతుంది. ఆ తల్లుల్ని చూసి మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం కూడా.

పెద్దవాళ్ళ అబద్ధాన్ని పట్టే త్రాసు మా దగ్గర లేదు. ఆ సంగతి నాకు సుభద్రమ్మగారి దగ్గర తెలిసింది.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని బొంబాయి హీరోయిన్లకు గొంతు ఇచ్చేవారు. తెనాలి వైపు మనిషి. చిన్నప్పుడు నాటకాల్లో వేసి, మద్రాసు వెళ్ళి, అక్కడినుంచి పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చి శ్రీనగర్ కాలనీలో కిరాయి ఇంట్లో ఉండేవారు. సన్నగా, పొట్టిగా, నున్నగా దువ్విన నల్లటి జుట్టుతో ఉండేవారు. ఆ నలుపు సీసాలోదని ఎవరైనా చెప్పగలరు. కానీ గొంతు మాత్రం సొంతం. కళ్ళు మూసుకుని వింటే కాలేజీకి వెళ్ళే పిల్ల మాట్లాడుతున్నట్టే ఉండేది. మొదటిసారి నా గదిలోకి వచ్చి "నమస్కారమండీ డాక్టరుగారూ" అంటే, వెనకాల ఇంకెవరో అమ్మాయి ఉందేమోనని నేను తొంగి చూశాను. ఆవిడ పకపకా నవ్వారు. ఆ చూపు ఆవిడకు అలవాటే.

మరుసటేడు వానాకాలంలో ఆవిడ చలిజ్వరంతో, నడుం నొప్పితో అడ్మిట్ అయ్యారు. తోడుగా అక్క కూతురు మంగ వచ్చింది. మూత్ర పరీక్షలో కిడ్నీకి ఇన్ఫెక్షన్ పట్టిందని తేలింది. కల్చర్ చేయించాం. అంటే ఆ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు చస్తుందో చూడడం. రెండు జాతుల మందులు పనిచేస్తాయని రిపోర్టు వచ్చింది. మొదటిది పెన్సిలిన్‌కు దగ్గర చుట్టం. సుభద్రమ్మగారికి ఒకప్పుడు పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడలేదట. రెండోది అమికాసిన్ అనే ఇంజెక్షన్. మంచి మందు. కానీ అది శరీరంలోంచి బయటికి పోవడానికి ఉన్న దారి కిడ్నీ ఒక్కటే. దారి సరిగ్గా లేకపోతే పేరుకుంటుంది. పేరుకుంటే కిడ్నీనీ, చెవి లోపలి నరాల కణాల్నీ దెబ్బతీస్తుంది. చెవిలో పోయిన కణం మళ్ళీ పుట్టదు.

మందు రాయడమంటే ఎప్పుడూ రెండు భయాలను పక్కపక్కన పెట్టి, ఏది చిన్నదో చూడడమే. ఇక్కడ ఒక వైపు దద్దుర్ల భయం, ఇంకో వైపు చెవి భయం. రెండో భయం ఎంతో తెలియాలంటే కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియాలి. దానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తాం. అది కండరాల్లో పుట్టే చెత్త. కిడ్నీ దాన్ని ఊడ్చి పారేస్తుంది. ఆవిడకు ఆ పరీక్ష నిక్షేపంగా ఉంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. వయసు మీరినకొద్దీ కిడ్నీ పని తగ్గుతుంది, కండా తగ్గుతుంది. ఊడ్చే మనిషి నెమ్మదించినా, ఇంట్లో చెత్తే తక్కువ పుడితే వాకిలి శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకని ఆ అంకెను ఒంటరిగా నమ్మకూడదు. నూట నలభైలోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, క్రియాటినిన్‌తో భాగించే లెక్క ఒకటుంది. ఆడవాళ్ళకు దానిలో ఇంకొంచెం కోత. ఆ లెక్క చెప్పినదాన్ని బట్టి డోసూ, రెండు డోసుల మధ్య ఎడమూ నిర్ణయిస్తాం.

కేసు షీటు మీద వయసు నలభై ఆరు అని ఉంది. ఆ గొంతు విని ఆ అంకెను నమ్మేసి, పళ్ళూ చర్మమూ చూడకుండా నేను ఆ లెక్కే వేశాను. నలభై ఆరేళ్ళ మనిషికి అమికాసిన్ కొంచెం తగ్గించి ఇస్తే చెవి భయం చిన్నది, దద్దుర్ల భయం పెద్దది. అలా అని నిర్ణయించి, పూటకొకటి చొప్పున రెండు పూటలా రాశాను. రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష అప్పట్లో మాకు అందుబాటులో లేదు. మా దగ్గర ఉన్నది లెక్కే.

జ్వరం రెండు మూడు రోజుల్లో దిగింది. ఆవిడ మంచం మీద కూర్చుని వార్డంతా సందడి చేసేవారు. ఒక పెద్ద సినిమా సగంలో ఆగి ఉంది. హీరోయిన్ డైలాగులన్నీ ఆవిడే చెప్పాలి. "త్వరగా పంపించండి డాక్టరుగారూ. ఆ పిల్ల తెర మీద నోరు తెరుచుకుని నా కోసం ఎదురుచూస్తోంది" అనేవారు. బండ పేల్చేముందు ఈల వినపడగానే రెండు చెవులూ గట్టిగా మూసుకునేవారు. తన చెవులు తన అన్నపు పళ్ళెమని, డబ్బింగ్ థియేటర్లో చెవికి తగిలించుకున్నదాంట్లోంచి హీరోయిన్ తీసే ఊపిరి కూడా వినపడాలని, అప్పుడే తన మాట ఆ పెదాల మీద సరిగ్గా కూర్చుంటుందని నాకు వివరించారు.

వారం దాటాక ఒక రోజు రౌండ్స్‌లో డ్యూటీ డాక్టరు నవ్వుతూ ఓ కబురు చెప్పాడు. డ్యూటీ డాక్టరంటే వార్డులోనే ఉండి మేము రాసింది జరిపించే కుర్ర డాక్టరు. సిస్టర్లకు ఉచ్చారణ బాగోలేదని, మాటల చివర్లు మింగేస్తున్నారని సుభద్రమ్మగారు క్లాసు తీసుకుంటున్నారట. అతను దాన్ని సినిమావాళ్ళ దర్జా కింద జమకట్టాడు. నాకు నవ్వు రాలేదు. గబగబా ఆవిడ గదికి వెళ్ళాను.

ఆవిడ మామూలుగానే మాట్లాడుతున్నారు. ఫ్యాను కీచుమంటోందని, దాన్ని బాగుచేయించమని చెప్పారు. ఫ్యాను చప్పుడు చేయడం లేదు. నేను ఆ మాట అనేలోపు బయట ఈల మోగింది. నేనూ, మంగా, మందుల ట్రేతో నిలబడ్డ సిస్టరూ ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. సుభద్రమ్మగారు తిరగలేదు. చేతులు చెవుల దగ్గరికి పోలేదు. ఏదో చెబుతూనే ఉన్నారు. బండ పేలింది. ఆవిడ ఉలిక్కిపడి మంచం పట్టుకున్నారు. "ఇవాళ ఈల వెయ్యకుండానే పేల్చేశారేంటండీ, బొత్తిగా బాధ్యత లేదు" అన్నారు.

ఈ మందు దెబ్బకు మొదట పోయేది సన్నటి చప్పుళ్ళు. ఈల, పిట్ట కూత, మాటల్లో ‘స’, ‘శ’ వంటి అక్షరాలు. లావు చప్పుళ్ళు ఉంటాయి. బయట లేని కీచు ఒకటి చెవి లోపల మోగుతుంది కూడా. అందుకే రోగికి చెవి పోతోందని తెలియదు. ఎదుటివాళ్ళు సరిగ్గా మాట్లాడడం లేదనిపిస్తుంది. నేను ఆ నిమిషమే ఇంజెక్షన్ ఆపించాను. కానీ ఆపినంత మాత్రాన కథ అయిపోదు. పేరుకున్న మందు చాలా రోజులు చెవి లోపల ఉండి పని చేస్తూనే ఉంటుంది. ఎంత పేరుకుందో తెలియాలి. ఇన్ఫెక్షన్ ఇంకా మిగిలి ఉంది కనక తర్వాతి మందు ఏదో, ఎంతో తేల్చాలి. వేసిన లెక్కను మళ్ళీ మళ్ళీ చూశాను. లెక్క తప్పు లేదు. తప్పు ఉంటే లెక్కలో పెట్టిన అంకెలోనే ఉండాలి.

సిస్టర్‌ని పంపించేసి, మీ వయసెంతని అడిగాను. నలభై ఆరు, రాసుకున్నారుగా అన్నారు. చెవికి తగిలిన దెబ్బనూ, మందుకూ వయసుకూ ఉన్న సంబంధాన్నీ విప్పి చెప్పాను. ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంటూ విన్నారు. మంగను కొబ్బరిబోండాం తెమ్మని బయటికి పంపారు. నన్ను దగ్గరికి రమ్మని, చెవిలో చెప్పినట్టుగా చెప్పారు.

"అరవై ఏడండీ."

ఆవిడ నా మొహం చూసి, తప్పు చేసి దొరికిన పిల్లలా నవ్వబోయి మానేశారు. మంగకు కూడా వయసు తగ్గించి పెట్టారట. నలభై ఎనిమిదేళ్ళ మంగ బయట ముప్పై నాలుగు అని చెప్పాలి. లేకపోతే పిన్ని వయసు దొరికిపోతుంది కదా! ఇంతమందిని ఇన్నేళ్ళు ఇంత జాగ్రత్తగా ఎందుకు నమ్మించాలని అడిగాను. మిమ్మల్ని ఎవరూ చూడరు కదా, గొంతే కదా మీరు అమ్ముకునేది, మరి ఎందుకండీ అన్నాను.

"అందుకేనండీ. మనిషి కనబడితే రంగు వేసుకుని దాచొచ్చు. గొంతుకి ఏం రంగు వేస్తాం? నా వయసు తెలియనంత కాలం వాళ్ళకి పంతొమ్మిదేళ్ళ పిల్ల వినబడుతుంది. తెలిసిన రోజున ముసలమ్మ వినబడుతుంది. గొంతు మారక్కర్లేదు, తెలిస్తే చాలు" అన్నారు.

కేసు షీటులో నలభై ఆరు కొట్టేసి అరవై ఏడు రాస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. రాయవద్దని బతిమాలారు. చెవి గురించి చెప్పినప్పుడు కూడా ఆవిడ కళ్ళల్లో అంత భయం లేదు. ఇది ఆసుపత్రి దాటి పోదని, రేపు ఏ డ్యూటీ డాక్టరు వచ్చినా సరైన డోసు ఇవ్వాలంటే ఇక్కడ సరైన అంకె ఉండి తీరాలని చెప్పి రాశాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. అరవై ఏడని మొదటే తెలిసి ఉంటే ఆ జాతి మందు నేను ముట్టేదాన్నే కాదు. దద్దుర్ల భయాన్నే ఎంచుకుని, పక్కన విరుగుడు సిద్ధంగా పెట్టుకుని, మొదటి డోసు నా కళ్ళ ముందు ఇప్పించేదాన్ని. చివరికి అదే చేశాం. పెన్సిలిన్ చుట్టమైన ఆ మందు ఆవిడకు హాయిగా పడింది. ఒక్క దద్దురు కూడా లేవలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

వినికిడి పరీక్ష చేయించాం. సన్నటి చప్పుళ్ళ వైపు గీత కిందికి దిగిపోయింది. నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చేయించినా పైకి రాలేదు. ఆసుపత్రి పద్ధతి ప్రకారం సీనియర్ డాక్టర్లు కూర్చుని కేసంతా చూశారు. ఇచ్చిన వివరాలను బట్టి మందు సరైనది, డోసు సరైనది, ఎవరి తప్పూ లేదని తేల్చారు. ఆ మాట విని తేలికపడాల్సింది. పడలేదు.

సగంలో ఆగిన ఆ సినిమాకు ఆవిడ ప్రయత్నం చేశారని తర్వాత తెలిసింది. చెప్పినవాడు యాదగిరి. బోరబండ మనిషి. ఆ డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. బీపీ మందుల కోసం నా దగ్గరికి వచ్చేవాడు. సుభద్రమ్మగారు రెండు రోజులు కూర్చున్నారట. గొంతు ఎప్పటిలాగే ఉంది. కానీ హీరోయిన్ పెదాలు కదిలాక రెప్పపాటు ఆలస్యంగా మాట పడుతోంది. చప్పుడు పెంచమంటే పెంచారు. పెంచితే గోల పెరిగింది తప్ప అక్షరం తేలలేదు. మూడో రోజు ఆవిడే లేచి, చెవికున్నది తీసి బల్ల మీద పెట్టి, అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయారట.

నేను వైద్యురాలిగా ఆవిడ రహస్యం చెప్పకూడదు. చెప్పలేదు. అంత వయసులో అలా జరగడం సహజమేలే అన్న మాట కూడా నా నోట రానివ్వలేదు. యాదగిరే అన్నాడు.

"అరవై ఏడేండ్ల మనిషి, ఇంక ఎంత కష్టపడ్తది డాక్టరమ్మా!"

నేను కలం ఆపేశాను. ఆ సంగతి నీకెలా తెలుసని అడిగాను.

"ఎట్ల తెల్వదమ్మా? మా థియేటర్ల అందరికీ ఎర్కే. మద్రాసుల మా ఉస్తాద్ పోరగాడిగున్నప్పుడే ఈమె హీరోయిన్లకు చెప్తుండె. గా ఉస్తాద్‌కే అరవై దాటినయ్. ప్రొడ్యూసర్లకు ఎర్కే, డైరెక్టర్లకు ఎర్కే. గీడ వయసుతోని ఏం పనుందమ్మా? అమ్మ నోరు తెరిస్తే ఇరవై ఏండ్ల పిల్ల వస్తది, మాకు గదే కావాలె. జర గా మాట ఎత్తితే అమ్మ మనసు నొచ్చుకుంటదని ఎవ్వలం ఎత్తలే. నలభై ఆరంటే నలభై ఆరే అంటిమి."

తెలిసిన రోజున ముసలమ్మ వినబడుతుందని ఆవిడ భయపడ్డారు. అందరికీ తెలుసు. ఎవరికీ ముసలమ్మ వినబడలేదు. ఫిల్మ్‌నగర్ మొత్తంలో ఆవిడ వయసు తెలియనివాళ్ళు మా ఆసుపత్రిలో ఉన్నవాళ్ళం మాత్రమే. ఈ మాట సుభద్రమ్మగారికి చెప్పాలా వద్దా అని చాలా రోజులు కొట్టుమిట్టాడాను. చెప్పలేదు. చెబితే ఆవిడకు మిగిలేది ఏమిటి?

ఆ తర్వాత రెండేళ్ళకు ఆవిడ మోకాళ్ళ నొప్పులకు మా అవుట్‌పేషెంటుకు వచ్చారు. జుట్టుకు రంగు వేయడం మానేశారు. తెల్లగా మెరుస్తోంది. నేను నా గది గుమ్మంలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఆవిడను వయసడిగింది. వినబడలేదు. మంగ చెవి దగ్గర చెప్పింది. చెవి తగ్గినవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు.

"అరవై తొమ్మిది!" అన్నారు సుభద్రమ్మగారు.

హాల్లో కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. అందరూ కౌంటర్ దగ్గర కాలేజీ పిల్ల కోసం వెతికారు. అక్కడ తెల్లజుట్టు మనిషి ఒకావిడే ఉంది. ఎందుకు చూస్తున్నారో తెలియక ఆవిడ మంగ వైపు చూశారు.

ఆ రోజుకే నా పద్ధతి మారిపోయి ఉంది. రిటైరయ్యేదాకా అదే పాటించాను. కౌంటర్ దగ్గర నలుగురిలో చెప్పిన వయసు మీద ఎప్పుడూ డోసు కట్టలేదు. రోగిని లోపలికి తీసుకెళ్ళి, తోడు వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టి, ఇది మందు లెక్క కోసం, మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదని చెప్పి మళ్ళీ అడిగేదాన్ని. చాలామంది రెండోసారి వేరే అంకె చెప్పేవారు. నా దగ్గర పనిచేసిన డ్యూటీ డాక్టర్లకు కూడా అదే నేర్పాను. వయసు రోగి ఇచ్చే సమాచారం కాదు, మనం సంపాదించుకోవాల్సిన సమాచారం. అది దొరికేదాకా కిడ్నీ మీద ఆధారపడిన మందు రాయకూడదు.